అరికాలి కింద అట్ట

సారు: మన పరుగు పిల్లోడి షూలో అట్ట పెట్టించావంట కదమ్మా. నాతో ఒక మాటైనా అనలేదు.

ఫిజియో: మీతో అనకపోవడం నా తప్పే సార్. కానీ వాడు మీ దగ్గరికి కాకుండా నా దగ్గరికి ఎందుకొచ్చాడో అదీ చూడండి. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుందంట. మూడు వారాలైంది. మీకు చెబితే పరుగు మాన్పిస్తారని దాచాడు. దాచుకుని, ప్రతి ఆదివారం మంత్రాలయం నుంచి మంత్రాలయం రోడ్ స్టేషన్ దాకా 16 కిలోమీటర్లు పరిగెత్తుతూనే ఉన్నాడు. ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి డబ్బు కట్టేశాడు. 21.1 కిలోమీటర్లు, ఎనిమిది వారాల గడువు. ఆ స్థితిలో వచ్చిన పిల్లాడికి చెయ్యగలిగింది చేశాను.

సారు: మాన్పిస్తాను, నిజమే. ముప్పై ఏళ్లు పిల్లోళ్లను పరిగెత్తించినవాణ్ణి, ఎప్పుడు ఆపాలో తెలియకపోతే ఇక నేనెందుకు? నువ్వు నొప్పి ఉన్నచోట అట్ట పెట్టి పంపావు. ఇప్పుడు వాడికి నొప్పి తగ్గింది. మొన్న ఆదివారం 16 కాదు, 18 పరిగెత్తాడు. తగ్గింది నొప్పా, జబ్బా? నాకు ఆ తేడా చెప్పు.

ఫిజియో: చెబుతాను. అరికాలి కింద మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా ఒక గట్టి పట్టీ ఉంటుంది. ప్లాంటార్ ఫాసియా అంటాం. పాదం నేలకు ఆనగానే వంపు కొంచెం అణుగుతుంది, పట్టీ సాగుతుంది. మడమ లేచి బొటనవేలు వెనక్కి వంగగానే అదే పట్టీ బిగుసుకుని వంపును పైకి లాగుతుంది. నడకలో నేల నుంచి కాలికి తగిలే బలం ఒంటి బరువు కంటే కాస్తే ఎక్కువ. పరుగులో అది రెండున్నర రెట్ల దాకా పోతుంది. వాడు 60 కిలోలు, అంటే అడుగుకు 150 కిలోల లెక్క. 21 కిలోమీటర్లలో ఒక్కో కాలు సుమారు పదివేల సార్లు నేలను తాకుతుంది. నొచ్చిన పట్టీ ఆ పదివేల సార్లూ సాగే సాగుడు కాస్త తగ్గితే దానికి మానే వ్యవధి దొరుకుతుంది. అట్ట చేసేది అంతే. కాలు విరిగితే కట్టు కడతాం కదా సార్. కట్టు ఎముకను అతికించదు, అతుక్కునేదాకా పట్టుకుంటుంది.

సారు: కట్టు కట్టిన డాక్టరు ఆ కాలితో 18 కిలోమీటర్లు పరిగెత్తమనడమ్మా. పైగా ఆరు వారాలకు విప్పుతాడు. నీ అట్ట ఎప్పుడు విప్పుతావు?

ఫిజియో: దానికి వస్తాను. ముందు, మీ దగ్గరికే వచ్చుంటే వాడికి ఏం చేయించేవాళ్లో చెప్పండి.

సారు: కాలి కంటే ముందు రోడ్డు చూసేవాణ్ణి. మన పడమటి కర్నూలంతా నల్లరేగడి. ఎండాకాలం నెర్రెలిస్తుంది, చీలమండ దిగిపోతుంది. నాలుగు చినుకులు పడితే షూకి రెండు కిలోల బంకమన్ను. అందుకని అందరూ తారురోడ్డే. ఎదురొచ్చే బండ్లు కనబడాలని పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కుడి అంచునే పరిగెత్తమని నేనే నేర్పాను. ఆ అంచు నీళ్లు జారిపోవడానికి వాలుగా వేసి ఉంటుంది. అంటే 16 కిలోమీటర్లూ వాడి కుడికాలు పల్లంలో, ఎడమకాలు మెరకలో. ఏ కాలు నొప్పి అన్నాడు నీతో?

ఫిజియో: ఎడమ.

సారు: నేను అడిగిందాకా నువ్వు ఆ సంగతి ఆలోచించావా?

ఫిజియో: లేదు సార్. షూ అడుగు అరుగుదల చూశాను, కాలిపిక్క బిగువు చూశాను, వంపు చూశాను. రోడ్డు అడగలేదు. అడిగి ఉండాల్సింది.

సారు: తెల్లవారుజామున బండ్లు లేనప్పుడు రోడ్డు నడిమధ్య సమంగా ఉన్నచోట కాసేపు, స్కూలు మైదానంలో కాసేపు పరిగెత్తించేవాణ్ణి. మూడు వారాలు ఆదివారం పరుగు ఆపేవాణ్ణి. తుంగభద్రలో నీళ్లు తగ్గినప్పుడు తడి ఇసుకలో ఉత్తకాళ్లతో పది నిమిషాల నడక. మెట్టు అంచున ముందుపాదం ఆనించి మడమ దించడం, ఎత్తడం. పాదానికి పని చెప్పి బాగుచేయాలి కానీ పని తీసేసి కాదు.

ఫిజియో: ఆ మెట్టు కసరత్తును నేను తక్కువ చెయ్యను. డెన్మార్క్‌లో 2014లో 48 మంది మడమ నొప్పి వాళ్లను రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టుకు అట్ట, కాలిపిక్క సాగదీత. రెండో జట్టుకు అట్ట, వేళ్ల కింద తువ్వాలు చుట్టపెట్టి మీరు చెప్పినట్టే మడమ ఎత్తడం. మూడు నెలలకు రెండో జట్టు బాగా ముందుంది. కానీ గమనించండి సార్, ఆ రెండో జట్టు కూడా అట్ట తీసేయలేదు. కసరత్తు చేస్తున్నంత కాలం అట్ట షూలోనే ఉంది. మీరు ఒకటి కావాలంటే రెండోది వద్దంటున్నారు.

సారు: వద్దనడానికి కారణం ఉంది. ఉగాదికి ముందు కన్నడ దేశం నుంచి శ్రీశైలానికి నడిచిపోయేవాళ్లను మన జిల్లాలో ఎవరు చూడలేదు? ఆత్మకూరు దాటి నల్లమల రాళ్ల మీదుగా, కొందరు హవాయి చెప్పులతో, కొందరు ఉత్తకాళ్లతో, కొందరైతే మరగాళ్ల మీద. రాయరు ఆరాధనకు మంత్రాలయం నడిచొచ్చేవాళ్లు కూడా అంతే. అరవై ఏళ్ల ముసలమ్మలు వందల కిలోమీటర్లు నడుస్తారు. వాళ్ల పాదం చూడు, వేళ్లు విచ్చుకుని, అడుగు మందంగా, వంపు కింద చెయ్యి దూరేలా ఉంటుంది. ఏ అట్ట ఇచ్చింది ఆ వంపు? మంగళూరు డాక్టర్లు 1992లో 2300 మంది పిల్లల పాదముద్రలు తీసి చూశారు. షూ వేసుకునే పిల్లల్లో చదునుపాదాలు 8.6 శాతం, చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లలో 2.8 శాతం. మన పక్క రాష్ట్రం పిల్లలే. వేరే దేశం కథ కాదు.

ఫిజియో: ఆ లెక్క నేనూ చదివాను, నాకూ ఇష్టమైన లెక్క. పిల్లల్ని ఇంట్లో ఉత్తకాళ్లతో తిరగనివ్వండని ప్రతి తల్లికీ చెబుతాను. కానీ అది నాలుగేళ్ల నుంచి పదమూడేళ్ల వయసు పిల్లల మాట. ఎదుగుతున్న పాదం వేరు, పందొమ్మిదేళ్లకు ఎదిగిపోయిన పాదం వేరు. ఇక నడిచే భక్తులు. నేను రెండేళ్లు వైద్య శిబిరంలో కూర్చున్నాను సార్. వాళ్ల బొబ్బలు కోసి కట్టు కట్టాను. వేడినీళ్లలో కాళ్లు పెట్టి ఏడుస్తారు, తెల్లారగానే మళ్లీ లేచి నడుస్తారు. వాళ్లకు ఆ నొప్పి మొక్కులో భాగం. గమ్యం చేరినవాళ్లనే మీరు చూస్తారు. దారిలో ఆగి బస్సెక్కినవాళ్ల పాదాలు ఎవరి లెక్కలోకీ రావు. నడక పాదానికీ పరుగు పాదానికీ బరువు తేడా ఇందాకే చెప్పాను.

సారు: పరుగు సంగతే చెబుతాను. శివనాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాల్లో మారథాన్ పరిగెత్తాడు. ఉత్తకాళ్లతో పరిగెత్తడం అలవాటైన మనిషి. ఆ రికార్డు ఈ దేశంలో దశాబ్దాల పాటు ఎవరికీ అందలేదు. ఇథియోపియా అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో చెప్పుల్లేకుండా పరిగెత్తి బంగారు పతకం తెచ్చాడు.

ఫిజియో: అదే బికిలా నాలుగేళ్లకు టోక్యోలో షూ వేసుకుని పరిగెత్తి మళ్లీ బంగారు పతకం తెచ్చాడు సార్. రోమ్‌లో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లు, టోక్యోలో 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లు. షూ ఆయన్ను పాడుచేయలేదు.

సారు: బాగుచేసిందీ షూ కాదు. నాలుగేళ్ల సాధన.

ఫిజియో: అదీ నిజమే. అందుకే మహానుభావుల పేర్లు పక్కన పెడదాం. వాళ్ల పాదాలు కోట్లమందిలో ఒకటి. ఉత్తకాళ్ల మీద మోజు పెరిగిన రోజుల్లో అమెరికాలో ఒక పరీక్ష జరిగింది, 2013లో వెలువడింది. మామూలు షూలో పరిగెత్తేవాళ్లను వేళ్లు విడివిడిగా ఉండే పలచని షూలకు పది వారాల్లో మార్చారు. అలా మారినవాళ్లలో సగానికి పైగా పాదాల ఎముకల లోపల వాపు కనబడింది, ఎమ్మారైలో. బయటికి ఏమీ తెలియదు. పలచని అడుగు తప్పని నేననను. పాదానికి అలవాటు లేని బరువు తొందరపడి మోపితే ఏ పాదమైనా చీలుతుంది. మీరు ఇసుకలో పది నిమిషాలంటారు, పిల్లలు నలభై నిమిషాలు చేస్తారు. మీ మాట మీద వాళ్లకు అంత నమ్మకం.

సారు: అలా ఒక పిల్ల చేసింది. నీకు తెలుసు ఎవరో. మోకాలి కింద ఎముకలో సన్నని చీలిక. నొప్పి అంటే, ఓర్చుకోమ్మా, కొత్త కాబట్టి అలాగే ఉంటుందన్నాను నేను. రెండు నెలలు ఓర్చుకుంది. మళ్లీ పరుగులోకి రాలేదు. ఆ మాట అన్నది నేనే. దానికి ఏ పరిశోధనా నాకు ఊరట ఇవ్వదు.

ఫిజియో: దాని తప్పంతా మీ మీద వేసుకోకండి సార్. ఆ పిల్లకు రక్తం తక్కువ, తిండి తక్కువ, నెలసరి ఆగిపోయి ఎవరికీ చెప్పుకోలేదు. ఎముక చీలడానికి అవన్నీ కారణాలే. ఆ పిల్లను చూశాకే నేను అట్టల గురించి గట్టిగా చదివాను. ఆస్ట్రేలియాలో లా ట్రోబ్ యూనివర్సిటీ వాళ్లు అంతవరకూ జరిగిన పరీక్షలన్నీ కూడి 2017లో ఒక లెక్క తేల్చారు. పాదం వంపుకు ఆకారంగా చేసిన అట్టలు వాడినవాళ్లలో మొత్తం గాయాలు 28 శాతం తక్కువ, ఎముక చీలికలు 41 శాతం తక్కువ. చాలావరకు సైన్యంలో కొత్తగా చేరినవాళ్ల మీద చేసిన పరీక్షలు. మరుసటి ఏడు అదే జట్టు ఆస్ట్రేలియా నౌకాదళంలో చేరిన 306 మందిని చూసింది. 11 వారాల శిక్షణలో, బజారులో దొరికే రెడీమేడ్ అట్టలతోనే, మోకాలు, పిక్కెముక, మడమ, అరికాలి నొప్పులు మూడోవంతు తగ్గాయి. ఆ 41 శాతంలో మన పిల్ల ఉండేదేమో. ఉండేదేమో అన్న ఆ ఒక్క మాట కోసమే నేను ఈ అట్టలు పెట్టిస్తాను.

సారు: అదే లెక్కలో ఉత్త మెత్తని అట్టల గురించి ఏం రాశారు?

ఫిజియో: అవి దేనికీ పనికిరాలేదని రాశారు. దిమ్మదిరిగే దెబ్బను మింగేస్తుందని చెప్పి అమ్మే స్పాంజి, జెల్ రకాలు గాయాలు తగ్గించలేదు. నౌకాదళంలో అట్ట వాడినవాళ్లకు బొబ్బలు, పాదంలో ఇబ్బంది ఎక్కువ వచ్చాయి. అదీ దాచను.

సారు: బజారులో మన పిల్లోళ్లు కొనేది ఆ స్పాంజి రకమే. రెండు, మూడు వందలు పోసి, షూలో ఉన్న పాత అట్ట తియ్యకుండా దాని మీదే ఇది వేస్తారు. వేళ్లకు చోటుండదు, బొటనవేలి గోరు నల్లబడుతుంది, మడమ పైకి లేచి జారుతుంది. అప్పుడు ఇంకో అట్ట కొంటారు. కూలికి పోయే ఇంటి పిల్లోడమ్మా వాడు. పత్తి తీతకు అమ్మ పోతే వచ్చిన డబ్బు అది.

ఫిజియో: అందుకే కొలత తీసి చేసే ఖరీదైన అట్ట నేను రాయను. 2006లో 135 మంది మడమ నొప్పి వాళ్లలో మూడు రకాలు పోల్చారు. కొలిచి చేసింది, రెడీమేడ్‌ది, ఉత్తుత్తిది. మూడు నెలలకు మొదటి రెండూ కాస్త మేలు చేశాయి, ఆ రెంటికీ తేడా లేదు. ఏడాది తిరిగేసరికి మూడూ ఒకటే. కాబట్టి వేలు పోయాల్సిన పనిలేదు. మడమ చుట్టూ గిన్నెలా పట్టేది, వంపు దగ్గర వేలితో నొక్కితే వెంటనే అణగనిది, పాత అట్ట తీసేసి దాని చోట పెట్టేది, వేసుకోగానే హాయిగా అనిపించేది చాలు. హాయి అన్నది నా సొంత మాట కాదు. కెనడా పరిశోధకులు 2001లో 206 మంది సైనికులకు ఆరు రకాల అట్టలు చూపించి, మీకు నచ్చింది ఎంచుకోండన్నారు. ఒకరికి నచ్చింది ఇంకొకరికి నచ్చలేదు. కానీ ఎంచుకుని వాడినవాళ్లకు, అట్ట లేనివాళ్ల కంటే గాయాలు తగ్గాయి.

సారు: అంటే ఏ పాదానికి ఏది పెట్టాలో పాదానికే తెలుసన్నమాట. డాక్టరుకు కాదు, అమ్మేవాడికి కాదు.

ఫిజియో: కొంతవరకు అంతే. అమెరికా సైన్యం వేలమందికి వంపు ఎత్తు చూసి షూ రకం కేటాయించింది. ఎత్తు వంపుకు ఒకటి, చదును పాదానికి ఒకటి. గాయాలు తగ్గలేదు. పాదముద్ర చూసి షూ రాసివ్వడం అనే పద్ధతి అక్కడే వీగిపోయింది.

సారు: మరి చదునుపాదం అంటూ మన ఇళ్లలో ఇంత భయమెందుకు? పోలీసు ఎంపికలకు తయారయ్యే పిల్లోళ్లు తడికాలు సిమెంటు గచ్చు మీద ముద్ర వేసుకుని చూసుకుంటారు. ముద్ర నిండుగా పడితే ఇంట్లో చావు జరిగినట్టుంటారు. నోటిఫికేషన్లో రాసుంటుంది కదా, చదునుపాదం ఉంటే పనికిరారని.

ఫిజియో: ఆ పిల్లలే నా దగ్గరికి అమ్మానాన్నలతో వస్తారు. మేడమ్, మెడికల్ పరీక్షకు ముందే వంపు తెప్పించే అట్ట ఇవ్వండని. లేదని పంపేస్తాను. అట్ట వంపును పుట్టించదు, తీసేస్తే ముద్ర మళ్లీ అలాగే పడుతుంది. వాళ్లను మునివేళ్ల మీద లేచి నిలబడమంటాను. లేచినప్పుడు వంపు కనబడితే అది మెత్తటి చదునుపాదం, జబ్బు కాదు. ఎంతోమంది ఆ పాదంతోనే జీవితమంతా పరిగెత్తుతారు. లేచినా వంపు రాకపోతే, నొప్పి కూడా ఉంటే ఎముకల డాక్టరు దగ్గరికి పంపుతాను. వాళ్ల నాన్నలు నా మాట నమ్మకుండా బజారుకు పోయి కొంటారు. ఆ సంగతిలో మీ కోపమే నా కోపం.

సారు: కోపం ఒకటే అయినా నువ్వూ అట్ట పెట్టించావు. నాకు పాదం శాస్త్రం నీ అంత తెలియదు. కానీ నువ్వు ఇచ్చిన వ్యాసాల్లోనే ఒకటి నన్ను వదల్లేదు. పాదం వంపు స్ప్రింగులాంటిదని ఇంగ్లండు వాళ్లు 1987లో రాశారు. అడుగు పడినప్పుడు అణిగి, లేచేటప్పుడు తిరిగి ఇస్తుంది. ఒక్కో అడుగులో చేతులు మారే శక్తిలో 17 శాతం దాకా ఆ వంపులోనే దాగి తిరిగొస్తుందని లెక్క కట్టారు. తర్వాత 2016లో ఆస్ట్రేలియాలో వంపు అణగకుండా అడ్డుపడే అట్టలు పెట్టి పరిగెత్తించారు. సమతలం మీద పరుగుకు ఖర్చయ్యే శక్తి 6 శాతం పెరిగింది. 21 కిలోమీటర్లలో 6 శాతం అంటే ఏమిటో నీకు నేను చెప్పాలా? దేవుడిచ్చిన స్ప్రింగు కింద రాయి పెట్టి, ఎగరమంటున్నావు.

ఫిజియో: ఆ పరీక్షలో వంపు దాదాపు కదలకుండా బిగించే అట్టలు వాడారు సార్. నేను పెట్టింది అంత గట్టిది కాదు, వంపు అణుగుతుంది, కాస్త తక్కువ అణుగుతుంది. కానీ మీ మాటలో సారం ఉంది. గట్టి అట్ట బాగున్న పాదానికి భారమే. నొప్పిలేనివాడికి, పాదం బాగున్నవాడికి, ఊరికే ముందుజాగ్రత్తని ఖరీదైన గట్టి అట్ట అమ్మడం నేను ఒప్పుకోను. స్ప్రింగు చిట్లినప్పుడు మాత్రం దాన్ని ఎగరమనడమే తప్పు. కొన్నాళ్లు దానికి ఆసరా కావాలి. సార్, ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోరు కదా. మీ కాళ్లకున్న మెట్లు ఏవి?

సారు: ఎంసీఆర్ మెట్లు. షుగర్ వచ్చినప్పటి నుంచి అవే.

ఫిజియో: ఎందుకు?

సారు: అరికాలు మొద్దుబారింది. పల్లేరుకాయ గుచ్చుకున్నా తెలియడం లేదు. పుండైతే మానదని డాక్టరు భయపెట్టాడు.

ఫిజియో: మరి మీ పాదానికి అట్ట అక్కర్లేదని, పని చెబితే బాగవుతుందని మీరు అనలేదు కదా. ఆ ఎంసీఆర్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో పాల్ బ్రాండ్ అనే డాక్టరు 1946 నుంచి పనిచేశాడు. కుష్ఠు రోగుల వేళ్లు రాలిపోయేది మాంసం కుళ్లి కాదని, స్పర్శ పోవడం వల్ల దెబ్బలు తెలియక అలా అరిగిపోతున్నాయని చూపించాడు. ఆయనా సహచరులూ మైక్రోసెల్యులార్ రబ్బరు అడుగుతో చెప్పులు చేయించారు. బరువు ఒక్కచోట గుచ్చుకోకుండా పాదమంతా పంచే చెప్పులు. ఎన్ని వేల పాదాలు నిలబడ్డాయో! మన దేశంలో, మన పక్కనే, పాదం కింద పెట్టిన ఒక మెత్త చేసిన పని అది. అట్ట అంటే సోమరిపాదానికి ఊతకర్ర అనే మాట వింటే నాకు అందుకే బాధ.

సారు: ఆ డాక్టరు కథ నేనూ విన్నానమ్మా, షుగర్ క్లినిక్‌లోనే చెప్పారు. నువ్వు సగం చెప్పావు. ఆయన జీవితమంతా చెప్పింది నొప్పి వరమని. నొప్పి తెలియనివాడి పాదానికి వేరే రక్ష కావాలి, నాకు కావాలి, అందుకే వేసుకున్నాను. ఆ పిల్లోడికి స్పర్శ ఉంది. వాడి మడమ వాడితో మాట్లాడుతోంది, మూడు వారాలుగా అరుస్తోంది. నువ్వు ఆ నోటికి గుడ్డ కట్టావు. రోగం వల్ల నా పాదం మొద్దుబారింది. వాడి పాదాన్ని మనం చేతులారా మొద్దుబారుస్తామా?

(ఇద్దరి మాటలూ రాసుకుంటూ వచ్చిన నేను ఇక్కడ ఎవరి పక్షమో తేల్చుకోలేకపోయాను. ఒకే వైద్యుడి పని ఇద్దరికీ సాక్ష్యమైంది, ఇద్దరూ నిజమే చెబుతున్నారు.)

ఫిజియో: గుడ్డ కట్టింది నేను కాదు సార్. నా దగ్గరికి రాకముందు మూడు వారాలు రోజూ నొప్పి మాత్ర మింగి పరిగెత్తాడు. అది నోటికి గుడ్డ. అట్ట పెట్టాక మాత్ర మానేశాడు. నేను పెట్టింది బరువు తగ్గించేదే కానీ స్పర్శ చంపేది కాదు.

సారు: మాత్రలా? ఆ సంగతి నాకు తెలియదు.

ఫిజియో: తెలియనివ్వడు.

సారు: సరే. అట్ట విప్పే సంగతి దాటేశావు. ఇప్పుడు చెప్పు.

ఫిజియో: మొదటి రెండు వారాలు రోజంతా, షూలోనూ చెప్పుల్లోనూ. మూడో వారం నుంచి ఇంట్లో తీసేయాలి. ఆ తర్వాత చిన్న పరుగులకు తీసి, పెద్ద పరుగుకే పెట్టాలి. పన్నెండు వారాలకు పూర్తిగా తీయాలి. పక్కనే మడమ ఎత్తే కసరత్తు, వేళ్లు ముడవకుండా పాదాన్ని పొట్టిచేసే కసరత్తు, మీరు నేర్పేవే. బ్రెజిల్‌లో 118 మంది మీద చేసిన పరీక్ష 2020లో వచ్చింది. పాదం కండరాలకు ఎనిమిది వారాలు కసరత్తు చెప్పారు. చేయనివాళ్లకు ఏడాదిలో గాయమయ్యే అవకాశం రెండు రెట్లకు పైగా ఉంది. కాబట్టి మీ పద్ధతే చివరికి గెలిచేది కావచ్చు. దాన్ని అందుకునేదాకా నడిపించేది నా అట్ట.

సారు: కాగితం మీద బాగుంది. ఎంతమంది తీశారు నీ దగ్గర?

ఫిజియో: నిజం చెప్పాలా?

సారు: నాతో చదువు చెప్పించుకున్నదానివి, నాతో అబద్ధం ఎందుకు?

ఫిజియో: తక్కువమంది. నొప్పి తగ్గగానే నా దగ్గరికి రారు. అట్ట షూలోనే ఉండిపోతుంది. షూ మారితే కొత్త షూలోకి దాన్నే మారుస్తారు. నేనే ఆరేళ్లుగా అట్టతో పరిగెత్తుతున్నాను. తీసి చూశాను రెండుసార్లు. నాలుగు కిలోమీటర్లకు పిక్కలు బిగుసుకున్నాయి. భయమేసి మళ్లీ పెట్టాను. అది నా పాదం బలహీనతో, నా మనసు బలహీనతో నాకు తెలియడం లేదు.

సారు: ఇదే నేను అంటున్నది. మంచికోసం పెట్టినదే ఉండిపోతుంది. నీలాంటి చదువుకున్న పిల్లే తీయలేకపోతే వాడు తీస్తాడా? పాదంలో 26 ఎముకలు, 33 కీళ్లు. అవన్నీ ఎవరో ఒకరు కింద పెట్టిన పలక మీద కూర్చోడానికి కాదు కదా.

ఫిజియో: ఉండిపోతే వచ్చే నష్టమేమిటో కూడా చూడాలి సార్. ఉండిపోయినా నేను ఆరేళ్లలో మూడు హాఫ్‌లు పరిగెత్తాను. అట్ట లేకుంటే పరుగే మానేసేదాన్ని. కళ్లద్దాలు కూడా ఉండిపోతాయి. చూపు సోమరిదయిందని తీసేయమంటామా? నా లాంటివాళ్లకు పరుగు ఉండాలా, అట్ట లేకపోవడం ఉండాలా అంటే నేను పరుగే ఎంచుకుంటాను.

సారు: నువ్వు ఎంచుకో. ముప్పై దాటినదానివి, నీ పాదం నీ ఇష్టం. వాడికి పందొమ్మిది. వాడి తరఫున ఎంచుకుంటున్నది నువ్వు.

ఫిజియో: మీరు ఆపినా వాడి తరఫున ఎంచుకునేది మీరే కదా. వాడికి ఈ హాఫ్ ఏమిటో మీకు తెలుసు. వాళ్ల ఊళ్లోంచి హైదరాబాద్ దాకా పోయి పరిగెత్తిన పిల్లాడు లేడు. మూడు వారాలు మాన్పిస్తే పాదం మానుతుంది, ఒప్పుకుంటాను. పిల్లాడు మిగులుతాడా? ఆ పిల్ల కూడా మానిన కాలితోనే ఇంట్లో కూర్చుంది.

సారు: ఆ మాటతో నన్ను కొట్టకమ్మా.

ఫిజియో: కొట్టడానికి కాదు సార్. నేనూ దాన్ని మోస్తున్నాను.

సారు: అయితే ఒకటి చేద్దాం. ఈ ఆదివారం స్టేషన్ రోడ్డు వద్దు. స్కూలు మైదానంలో అట్ట తీయించి 5 కిలోమీటర్లు పరిగెత్తించు. నేనూ ఉంటాను. సోమవారం పొద్దున మంచం దిగినప్పుడు మడమ ఎట్లా ఉందో అడుగుదాం. నొప్పి రాకపోతే అట్ట పెట్టుకునే 16 పరిగెత్తనీ, నేను అడ్డం రాను. నొప్పి వస్తే హైదరాబాద్ లేదు.

ఫిజియో: హైదరాబాద్ లేదని ముందే అంటే, సోమవారం మడమ చీలిపోతున్నా నొప్పి లేదంటాడు సార్. నాతోనూ అంటాడు, మీతోనూ అంటాడు.

సారు: మరి వాణ్ణి ఎట్లా అడగాలి?

ఫిజియో: నాకూ తెలియడం లేదు.

సారు: వాణ్ణి సాయంత్రం పిలువు. మనం ముగ్గురం కూర్చుందాం. మాత్రల సంగతి నేను ఎత్తను.